అవసరం ఉన్నంతవరకే

"ఫోటో ఉందా?" అని అడిగింది బల్ల వెనక కూర్చున్న ఆవిడ, తలెత్తకుండానే.

సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీద వాన వెలిసి గంటయినా ఎవరూ గొడుగులు ముడవలేదు. కింద రోడ్డు ఉండాల్సిన చోట టీ రంగు నీళ్ళు. అందులో కార్ల నెత్తులు మాత్రం తాబేళ్ళలా కనబడుతున్నాయి. పడవ వచ్చి ఆనినప్పుడల్లా జనం ఎగబడుతున్నారు, తమవాళ్ళు కాదని తెలిశాక వెనక్కి తగ్గుతున్నారు.

సిరాజ్ చొక్కా లోపలి జేబులోంచి పాలిథీన్ కవరు తీసి, అందులోని ఆధార్ జిరాక్సు ఇచ్చాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. పేరుంది, ఊరుంది, నంబరుంది. మొహం ఉండాల్సిన చోట నల్లటి మరక.

"ఇది కాదండీ. మొహం తెలిసేది. మీ ఫోన్లో లేదా?"

"లేదమ్మా."

"ఒక్కటీ లేదా? ఎన్నేళ్ళు అమ్మాయికి?"

"ఇరవై రెండు."

ఆవిడ అప్పుడు తలెత్తింది. అతని గడ్డం, టోపీ, కనుబొమల్లో ఇరుక్కున్న దూది నూగు చూసి, ఏదో అర్థమైనట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడం సిరాజ్‌కి చెంప మీద కొట్టినట్టుంది.

"పడవల వాళ్ళకి మొహం చూపిస్తేనే కదండీ గుర్తుపట్టేది. ఎక్కడన్నా సంపాదించండి. గ్రూపుల్లో పెడితే గంటలో కబురొస్తుంది," అని వెనకాయన్ని పిలిచింది.

ఆఫ్రీన్ బుధవారం డ్యూటీకి వెళ్ళింది. మంచం పట్టిన ముసలావిడకి ఇంట్లోనే ఉండి చూసుకునే నర్సు పని. సింగ్ నగర్‌లో ఎక్కడో, పైపుల రోడ్డు దాటాక, అని చెప్పింది తప్ప ఇంటి నంబరు చెప్పలేదు, సిరాజ్ అడగలేదు. ఆదివారం పొద్దున బుడమేరు వాగు ఊళ్ళో పడ్డాక దాని ఫోను మూగబోయింది. పనికి పెట్టిన ఏజెన్సీ ఆఫీసు కూడా నీళ్ళలోనే ఉంది. ఆ ఇంటి యజమాని గోపాలకృష్ణ గారి నంబరు మాత్రం ఉంది. పదకొండుసార్లు చేశాడు. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇవాళ సోమవారం.

ఫోటో జెస్సికా దగ్గర ఉండొచ్చని చెప్పింది నాగూర్‌బీ, సిరాజ్ భార్య. చెప్పేటప్పుడు మొగుడి మొహం చూడలేదు. జెస్సికా ఆఫ్రీన్‌తో కలిసి నర్సింగు చదివిన పిల్ల, గుణదలలో ఇల్లు. సిరాజ్ తడి బట్టలతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉందంకుల్," అంది జెస్సికా. ఫోను గుండెలకి ఆనించుకుని, "దాన్ని తిట్టనని ముందు చెప్పండి," అంది.

"తిట్టడానికి అది దొరకాలిగా తల్లీ."

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళప్పటి ఫోటో. కొండ మెట్ల మీద ఆఫ్రీన్, చేతిలో సగం కొరికిన మొక్కజొన్న పొత్తు. చున్నీ భుజం మీదికి జారిపోయి, జుట్టంతా గాలికి లేచి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. సిరాజ్ దాని వంక చూస్తూ ఉండిపోయాడు. కూతురు అలా నవ్వగలదని అతనికి తెలీదు.

"చున్నీ ఏది?" అన్నాడు. అనేశాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు చూశాడు.

"గాలికి జారిందంకుల్. అప్పుడే నొక్కేశా నేను."

రెండేళ్ళ కిందట ఆఫ్రీన్ ఇన్‌స్టాలో పెట్టుకున్న నాలుగు ఫోటోలూ తన ఎదురుగా తీసేయించింది సిరాజే. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులోళ్ళని మసీదులో కొందరు అరసాయిబులని నవ్వుతారు. ఆ నవ్వు తగిలినప్పుడల్లా ఇంట్లో కట్టడి ఒకటి పెంచేవాడు. పెళ్ళి ఆల్బమ్ కూడా ట్రంకు పెట్టె అడుక్కి పోయింది.

జెస్సికా వాళ్ళ మెట్ల మీదే కూర్చుని పటమట మసీదు ఇమామ్‌కి ఫోన్ చేశాడు. సంగతి విని ఆయన ఆలోచించలేదు.

"ప్రాణం కంటే పెద్దదా, సిరాజ్ భాయ్? పెట్టు. ఇప్పుడే పెట్టు."

"తలమీద గుడ్డ లేదు హజ్రత్."

"ఉన్న ఫోటోనే పెడతాం గదా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఈ అనుమతి అవసరం ఉన్నంతవరకే. పిల్ల దొరగ్గానే తీసెయ్యాలి. ఒక్క రోజు ఎక్కువ ఉండకూడదు."

"అట్టాగే హజ్రత్."

జెస్సికా పక్కనున్న తనని కత్తిరించేసింది. ఎంత కత్తిరించినా అంచున తన ఎర్ర చొక్కా భుజం కాస్త మిగిలింది. ఇంకా కోస్తే ఆఫ్రీన్ చెవి పోతుందంది. కింద పేరు, వయసు, సిరాజ్ ఫోన్ నంబరు రాసి, "నొక్కనా అంకుల్?" అంది.

సిరాజ్ బిస్మిల్లా అనుకుని తలూపాడు.

మంగళవారం మధ్యాహ్నం దొరికింది. ఆ ఫోటో వల్ల కాదు. తనంతట తనే వచ్చింది.

సిరాజ్ పొద్దుటినుంచి ఫ్లైఓవర్ మీదే ఉన్నాడు. పడవలో ప్లాస్టిక్ కుర్చీకి చీరతో కట్టి కూర్చోబెట్టిన ముసలావిడ, ఆవిడ తల వాలిపోకుండా వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని నడుము లోతు తడిసిన మనిషి. నల్ల బుర్ఖా బురదతో గోధుమ రంగుకి తిరిగింది. ఆ చేతులు చూసి గుర్తుపట్టాడు కూతుర్ని.

"నాన్నా, ముందు ఈమెని పట్టుకో," అంది ఆఫ్రీన్. మూడు రోజుల తరవాత తండ్రితో అన్న మొదటి మాట అది. "వీపు తగలనీకు, పుండ్లు."

అతను కుర్చీ కాలు పట్టుకునేలోపే తెల్ల కారొకటి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి ఇస్త్రీ చొక్కాతో దిగిన మనిషి "అమ్మా!" అని అరిచి, ముసలావిడ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఎవరో ఫోను ఎత్తారు. ఆయన ఒక్క క్షణం అటు చూసి, తరవాత తల్లి వైపు వంగాడు. గోపాలకృష్ణ గారు ఈయనే అని ఆఫ్రీన్ చెప్పాకే తెలిసింది సిరాజ్‌కి. కారు తలుపు పడేదాకా ముసలావిడ మెడ కింద ఆఫ్రీన్ చెయ్యి ఉంది. పడ్డాక ఆ చెయ్యి గాల్లో మిగిలింది.

ఇంటికొచ్చాక నాగూర్‌బీ వేణ్నీళ్ళు పోసి, కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరికాళ్ళు నానిపోయి తెల్లగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఆఫ్రీన్ అన్నం ముద్దకీ ముద్దకీ మధ్య చెప్పింది.

"ఆదివారం పొద్దున గేటు దగ్గరికొచ్చాయి నీళ్ళు. ఆయనా, ఆయన భార్యా కారు తీశారు. అమ్మని కదిపితే కష్టం, నువ్వుండు, పడవ పంపిస్తా అన్నాడు. నేనూ ఆ దుర్గాంబమ్మగారూ మేడ మీద. మెట్ల మీద నీళ్ళు ఎక్కుతా ఉంటే చూస్తా కూర్చున్నా. అటుకులుంటే నానేసి ఆవిడకి పెట్టా. ఆ పడవ వస్తుందేమోనని రెండు రోజులూ కిటికీ వదల్లేదు. ఇవాళ ఎవరో పాలు పంచే వాళ్ళని కేకేసి దింపించుకున్నా. ఆయనకి కబురు చేసింది వాళ్ళే."

"నీకేమన్నా పెట్టారా?" అంది నాగూర్‌బీ.

"ఎవరు పెడతారమ్మా, నేనే కదా ఉంది."

సిరాజ్ ఫోన్ మోగింది. బయటికి వెళ్ళి ఎత్తాడు. "దొరికిందా అన్నా?" అన్నాడెవరో. "దొరికింది నాయనా, అల్లా దయ," అన్నాడు సిరాజ్. ఆ రాత్రి ముప్ఫై మందికి అదే మాట అంత ఇష్టంగానూ చెప్పాడు.

బుధవారం నుంచి ఫోన్ల రంగు మారింది.

"దొరికిందంట గదా. ఎవడితో దొరికింది?"

"ఆ ఎర్ర చొక్కా ఎవడండీ?"

జెస్సికా తను పెట్టిన గ్రూపుల్లో అన్నిచోట్లా తీసేసింది. "నావరకే తియ్యగలను అంకుల్. అక్కణ్ణించి ఎత్తుకుపోయినవి మన చేతిలో లేవు," అంది. ఎత్తుకుపోయిన వాళ్ళు ఊరికే ఉంచలేదు. ఒకడు కింద మాటలు చెరిపి, ప్రేమికుడితో పరారీ అని రాశాడు. ఒక వార్తల ఛానెలు ఆ నవ్వు మొహం చుట్టూ ఎర్ర గీత గీసి, వరద సాకుతో ఏం చేసిందో చూడండి, అని పెట్టింది. ఇంకెవరో మంచి మనసుతోనే కావచ్చు, చుట్టూ బంతిపూల దండ వేసి ఆత్మకు శాంతి కలగాలని కోరుకున్నారు. ముసల్మాను పిల్లకి మేరీమాత కొండ మీద పనేంటని ఒకడు, క్రైస్తవుల పిల్లని సాయిబులు దాచేశారని ఇంకొకడు. ఇద్దరూ ఒకే ఫోటో కింద కొట్టుకుంటున్నారు.

పటమటలో సిరాజ్ పరుపుల కొట్టంటే రేకుల పంచ, దూది ఏకే మిషను, కుట్టడానికి నేల. ఆ వారం అతనికి ఎప్పుడూ లేనంత పని. సింగ్ నగర్ అంతా తడిసిన పరుపులు రోడ్ల మీదికి విసిరేస్తున్నారు, కొత్తవి కావాలని బేరాలు వస్తున్నాయి. మిషన్లో దూది వేసి, ఎగిరే నూగులో కళ్ళు చికిలించుకుని, ఎవరు కొట్టు ముందు ఆగినా కొనడానికా, చూడ్డానికా అని చూస్తున్నాడు.

గురువారం పరుపు గుడ్డ తానులు దింపడానికి ముస్తాక్ వచ్చాడు. పెద్ద బజారులో బట్టల వ్యాపారి, మసీదు కమిటీలో ఉంటాడు.

"సిరాజ్ భాయ్, మా మరదలి పెళ్ళిలో ఆడాళ్ళ వైపు కెమెరా వచ్చిందని నువ్వు అన్నం తినకుండా లేచిపోయావు, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇప్పుడు నీ కూతురు మా బావమరిది ఫోన్లో, హైదరాబాద్‌లో, నవ్వుతోంది."

సిరాజ్ చేతిలో దబ్బనం ఆగింది. "పిల్ల కనబడకపోతే పెట్టాను భాయ్. హజ్రత్‌ని అడిగే పెట్టాను."

"పెట్టడం తప్పని నేనన్నానా? తియ్యమంటున్నాను."

"ఎట్టా తియ్యనో చెప్పు."

ముస్తాక్ తానులు దించి, చీటీ ఇచ్చి వెళ్ళిపోయాడు.

అదే రోజు సాయంత్రం ఏజెన్సీ నుంచి ఆఫ్రీన్‌కి ఫోను. రెండిళ్ళ వాళ్ళు ఆ అమ్మాయి వద్దన్నారట, గొడవ సద్దుమణిగేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆఫ్రీన్ "సరే మేడమ్" అంది. పెట్టేశాక గోడవైపు తిరిగి కూర్చుని, తల్లి చీరకి జారిన అంచు కుట్టడం మొదలుపెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. కూతురు ఎవరితోనన్నా పోట్లాడితే బావుణ్ణనిపించింది సిరాజ్‌కి.

చీకటి పడ్డాక జెస్సికా ఒకటి పంపింది. గోపాలకృష్ణ గారు పెట్టుకున్న ఫోటో. చీర కట్టిన కుర్చీలో దుర్గాంబమ్మ, ఆవిడ భుజం చుట్టూ కొడుకు చెయ్యి. కింద, వరదని ఎదిరించి అమ్మని కాపాడుకున్నాను, అని రాసుంది. రెండు వేల మంది మెచ్చుకున్నారు. ఫోటో అంచున, ముసలావిడ మెడ కింద, బురద పట్టిన నల్ల బుర్ఖా అంచుతో ఒక చెయ్యి మణికట్టు దాకా ఉంది. మిగతాది కత్తిరించేశారు.

సిరాజ్ ఆ చేతిని రెండు వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. అప్పుడు అతనికొక దారి కనిపించింది.

శుక్రవారం నమాజు అవగానే గన్నవరం బస్సెక్కాడు. గోపాలకృష్ణ గారు అక్కడ బావమరిది ఇంట్లో దిగారని ఆఫ్రీన్ చెప్పింది, ఎందుకని అడగలేదు. కొత్త ఇల్లు, మెరిసే గచ్చు. సిరాజ్ చెప్పులు రోడ్డు మీదే విడిచాడు.

గోపాలకృష్ణ గారు మర్యాదగానే కూర్చోమన్నారు, కాఫీ తెప్పించారు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, మాట మెత్తన.

"మీ అమ్మాయి చాలా బాగా చూసిందండీ మా అమ్మని. ఎక్కడైనా చెప్తాను."

"అదే సార్, ఎక్కడైనా కాదు, ఒక్కచోట చెప్పండి చాలు. మీరు పెట్టిన ఆ ఫోటో కింద రెండు ముక్కలు. ఆ మూడు రోజులూ మా పిల్ల మీ ఇంట్లోనే, మీ అమ్మగారి దగ్గరే ఉందని. మీ మాట అందరూ నమ్ముతారు సార్."

ఆయన కప్పు కింద పెట్టారు. గుమ్మంలో ఉన్న భార్య వంక చూశారు.

"చూడండి సిరాజ్ గారూ, ఇప్పుడు అది పెడితే జనం ఏమడుగుతారు? మరి నువ్వెక్కడున్నావ్ అంటారు. మా చుట్టాలు, స్టాఫ్, స్టూడెంట్స్ అందరూ ఉన్నారందులో."

"ఉన్నదే కదా సార్ చెప్పమంటున్నాను."

"నేను పడవ కోసం ఎంత తిరిగానో మీకు తెలీదు."

"పదకొండు సార్లు ఫోన్ చేశాను సార్ సోమవారం. రింగయింది."

ఫ్యాను కింద కేలండరు కాగితాలు కొట్టుకుంటున్నాయి. లోపల్నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఆఫ్రీనా? ఆఫ్రీన్ వచ్చిందా?"

"కాదమ్మా, వాళ్ళ నాన్న," అన్నారాయన గట్టిగా. తరవాత గొంతు తగ్గించి, "కొత్తవాళ్ళ చేత్తో తినడం లేదు. రెండు వారాలు పోనివ్వండి, గొడవ అణిగాక మళ్ళీ మీ అమ్మాయినే పిలుస్తాను. అన్నట్టు మీది పరుపుల పనేగా? మావి ఆరూ పాడయిపోయాయి. ఆరూ మీరే కుట్టండి. ముందు అమ్మది," అన్నారు.

సిరాజ్‌కి లేచి వచ్చేయాలనే ఉంది. కానీ లోపలి గది గుమ్మంలో నిలబడగానే కళ్ళు మంచం మీదికి పోయాయి. సన్న పరుపు, మధ్యలో గుంట. దుర్గాంబమ్మ పక్కకి ఒత్తిగిలి, నడుం కింద చెయ్యి దూర్చుకుని పడుకుంది. అతని చెయ్యి దానంతటదే మంచం పట్టె మీద జానలు వేసింది. పొడవు తొమ్మిది, వెడల్పు నాలుగున్నర. కొలత నోట్లో అనుకుంటూ బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, బస్సు స్టాపు దాకా నడిచాక గానీ తను చేసింది తెలీలేదు.

ఇంట్లో నాగూర్‌బీ అడిగితే చెప్పులు గోడవారగా సర్దుతూ ఉండిపోయాడు. ఆఫ్రీనే అంది:

"రాయనన్నాడా?"

"పరుపులు కుట్టమన్నాడు."

ఆఫ్రీన్ నవ్వబోయినట్టు పెదవి కదిలింది. "కుట్టు నాన్నా. ఆవిడది బూరుగు దూదితో కుట్టు. మామూలు దూది నెల్లాళ్ళకి గడ్డ కడుతుంది, వీపు ఒరుసుకుంటుంది."

ఆదివారం పొద్దున సిరాజ్ ఇమామ్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా విని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ రోజు దొరగ్గానే తియ్యమని ఎంత సులువుగా అనేశాను," అన్నారు. "నాకు తెలీదు సిరాజ్ భాయ్, ఇవి ఇట్టా తిరుగుతాయని."

"జెస్సికా ఒకటి చెప్తోంది హజ్రత్. ఇవాళ్టి పేపరు చేత్తో పట్టించి ఇంకో ఫోటో తీసి, దొరికింది, ఇంట్లోనే ఉంది, అని పెడితే ఆ నోళ్ళు మూతపడతాయంట. ఈసారి నిండుగా చున్నీ వేసే తీస్తాం."

"నింద తుడవడానికైతే, అది కూడా అవసరమే. పిల్లని అడిగావా?"

"అడగడమేముంది హజ్రత్, దాని మంచికేగా."

ఇమామ్ అతని వంక చూశారు. తల మీద టోపీ పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఆఫ్రీన్ క్యారేజీ తీసుకుని కొట్టుకొచ్చేసరికి జెస్సికా పేపరుతో సహా సిద్ధంగా ఉంది. సిరాజ్ దుర్గాంబమ్మ పరుపు అంచు కుడుతున్నాడు. దబ్బనం గుచ్చి, ఫోను తీసి, తనే పట్టుకున్నాడు. ఎటు పట్టుకోవాలో తెలీక అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పాడు.

"ఆ గోడ దగ్గర నుంచో తల్లీ. పేపరు తారీకు కనపడాలి."

ఆఫ్రీన్ పేపరు వంక, ఫోను వంక చూసింది. "ఏంటిది?"

"దొరికావని పెడతామే," అంది జెస్సికా. "ఇది తిరిగితే అది ఆగిపోద్ది."

"ఆగదు జెస్సీ. రెండూ తిరుగుతాయి."

"అట్టా అంటే ఎట్టా? ఏదో ఒకటి చెయ్యాలిగా మరి. ఆ ఎర్ర చొక్కా నేనని చెప్పినా ఎవడూ నమ్మట్లే. నేను కూడా పక్కన నుంచుంటా, అదే చొక్కా వేసుకొస్తా."

ఆఫ్రీన్ దానికి నిజంగానే కాస్త నవ్వింది. నవ్వుతూనే చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిరాజ్ అది చూశాడు. కూతురు చెయ్యి అడ్డం పెట్టుకుంది తన చేతిలో ఫోను ఉన్నందుకని తెలిసి, ఫోను కాస్త కిందికి దించాడు.

"ఒక్కటే తల్లీ. హజ్రత్ కూడా ఫర్లేదన్నారు."

"నన్ను అడుగుతున్నావా నాన్నా, నాకు చెప్తున్నావా?"

సిరాజ్ ఫోను ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"రెండేళ్ళ కిందట తీసెయ్యమన్నప్పుడు చెప్పావు. తీసేశా. మొన్న పెట్టినప్పుడు నేను లేను, ఉండుంటే నేనే పెట్టమనేదాన్ని. దానికి నిన్నేం అనట్లా." గొంతు పెరగలేదు. క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి చెక్క మీద పెడుతూ మాట్లాడుతోంది. "ఇవాళ ఉన్నాగా ఎదురుగా. అడుగు."

దూది మిషను ఆపేసి ఉండటంతో రోడ్డు మీది ఆటోల మోత అంతా లోపలికి వస్తోంది. సిరాజ్ ఫోను వంక చూసుకున్నాడు. అందులో కూతురి మొహం లేదు. గోడా, క్యారేజీ, వంగిన ఆమె వీపు.

"తియ్యనా తల్లీ?" అన్నాడు.

"వద్దు నాన్నా."

"ఏజెన్సీ వాళ్ళు పిలవకపోతే?"

"పిలవకపోతే లేదు. పేపరు పట్టుకుని దొంగలా నుంచోను. నేనేం చెయ్యలా."

జెస్సికా పేపరు మడిచి చంకలో పెట్టుకుంది. సిరాజ్ ఫోను జేబులో పెట్టుకోబోతుంటే చేతిలోనే మోగింది. తెలియని నంబరు. అలవాటైపోయిన భయంతో అతని బొటనవేలు ఆగిపోయింది. ఆఫ్రీన్ చెయ్యి చాచింది. ఒక్క క్షణం చూసి, ఇచ్చేశాడు. ఆమె స్పీకరు నొక్కి చెక్క మీద పెట్టింది.

ఎవరో పెద్దావిడ. అవనిగడ్డ అవతల లంక ఊరంట, పేరు మణెమ్మంట. ఫోన్లో మాట్లాడటం అలవాటు లేక అరుస్తోంది.

"అమ్మా, మీరు ఆ వరదల్లో తప్పిపోయిన పిల్ల తాలూకానా? మా కోడలు ఫోన్లో చూపించిందమ్మా. మొక్కజొన్న పొత్తు పట్టుకుని నవ్వతా ఉందే, ఆ పిల్ల. నాకు నిద్ర పట్టలేదు తల్లీ. మాకూ వచ్చాయి కృష్ణ నీళ్ళు, అరిటి తోటంతా పోయింది. అయినా మనిషి కంటేనా? దొరికిందా అమ్మా ఆ పిల్ల?"

సిరాజ్ ముందుకు వంగాడు. మంగళవారం నుంచి ఎందరికో చెప్పిన మాట నాలుక మీదే ఉంది.

ఆఫ్రీన్ ఫోను వంక చూస్తోంది. జెస్సికా ఆమె మొహం వంక చూస్తోంది.

"లేదండీ," అంది ఆఫ్రీన్. "ఆ నవ్వే పిల్ల దొరకలేదు."

అవతల పెద్దావిడ అయ్యో అయ్యో అని ఏడుపు ఎత్తుకుంది. "ఏడవకండమ్మా," అంది ఆఫ్రీన్ మెల్లగా, మంచం మీది రోగితో మాట్లాడే గొంతుతో. "భోంచేశారా? పొద్దుపోకుండా భోంచెయ్యండి," అని పెట్టేసింది.

ఫోను తండ్రికి ఇచ్చి, గిన్నె మూత తీసింది. అన్నం పెట్టింది. పెట్టాక వెళ్ళి పరుపు అవతలి అంచు పట్టుకుని, కుట్టు వంకర పోకుండా బిగలాగి కూర్చుంది.

ఆ నంబరు ఇంకా తెర మీద వెలుగుతోంది. తిరిగి చేసి, దొరికిందమ్మా, నా కూతురే మాట్లాడింది, అని చెప్పడానికి సిరాజ్‌కి ఒక్క వేలు చాలు. అతను కూతురి మొహం వంక చూశాడు. తెర ఆరిపోయేదాకా అలాగే కూర్చుని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.